టైల్స్ పగలగొట్టించే ముందు

ప్రశ్న: విజయవాడలో మాది పాత అపార్ట్‌మెంటు. రెండు బాత్రూములు, వంటగది కొత్తగా చేయించడానికి ఒక కాంట్రాక్టరుతో మెటీరియల్‌తో సహా 6 లక్షలకు మాట్లాడుకున్నాం. ఒప్పంద పత్రం రాసుకోలేదు. వాట్సాప్‌లో ఆయన పంపిన ఎస్టిమేటు ఉంది. ఇప్పటికి 4.6 లక్షలు ఫోన్‌పే ద్వారా చెల్లించాం. పని పూర్తయి నెల తిరక్కుండానే కింది ఫ్లాటు సీలింగుకు చెమ్మ దిగింది. మిగతా సొమ్ము ఇస్తేనే వస్తానంటున్నారు. వేరే మేస్త్రీతో బాగుచేయించి ఆ ఖర్చు ఈయన నుంచి రాబట్టవచ్చా? రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లాలా?

జవాబు: రాబట్టవచ్చు, అయితే తొందరపడి టైల్స్ తీయించకండి; ఆ పెంకులతోపాటు మీ సాక్ష్యమూ చెత్తబండి ఎక్కుతుంది. ముందుగా, ఫలానా తేదీన తనిఖీ జరుగుతుందని, వచ్చి చూసుకుని లోపం సరిచేయాలని కాంట్రాక్టరుకు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ రోజు ఒక సివిల్ ఇంజనీరు సమక్షంలో బాత్రూము నీటి తూము మూసి, 24 గంటలు నీరు నిలబెట్టి, కింది సీలింగును ముందూ తర్వాతా ఫొటోలు తీయించండి. కారుతున్నది వాటర్‌ప్రూఫింగ్ లోపం వల్లనా, ఎస్టిమేటులో లేని పాత డ్రైనేజీ పైపు వల్లనా అన్నది ఇంజనీరు నివేదికలో స్పష్టంగా ఉండాలి. పాత పైపే కారణమని తేలితే కాంట్రాక్టరు వాదనకే బలం చేకూరుతుంది. ఇలాంటి కేసులు చాలావరకు ఇక్కడే వీగిపోతాయి.

నోటిమాట ఒప్పందమైనా చెల్లుతుంది. వాట్సాప్ సందేశాలను సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయండి.

రెరా మీకు వర్తించదు. అది బిల్డరు అమ్మే ప్రాజెక్టులకు సంబంధించినది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం గృహనిర్మాణం కూడా ‘సేవ’ కిందికే వస్తుంది కనుక, వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించినది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. న్యాయవాది తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు.

కింది ఫ్లాటువారికి మాత్రం ‘కాంట్రాక్టరును అడగండి’ అని చెప్పకండి. వారికి ఆయనతో ఒప్పందమేదీ లేదు, చెమ్మ దిగింది మీ ఇంటి నుంచి. నివేదిక చేతికి రాగానే వారి సీలింగు బాగుచేయించి, ఆ బిల్లులు కూడా నష్టపరిహారంలో కలిపి అడగండి.