విశ్వం గురించి చదివితే ఉద్యోగం వస్తుందా అండి?

అమలాపురం దగ్గర నుంచి ఒక తండ్రి రాశారు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడులో ఉన్న వాళ్లమ్మాయి విశ్వం ఆకారం, గెలాక్సీల పుట్టుక చదువుతానంటోందట. ఆయనకేమో ఇంజనీరింగ్‌లో సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్‌లో వేయాలని. రెండూ పోల్చి చెప్పమన్నారు.

పోలుస్తానండి. కానీ మీ ఉత్తరంలో అమ్మాయి ఏమందో ఒక్క వాక్యం ఉంది, మీ తోడల్లుడి కొడుకు జీతం మూడుసార్లు వచ్చింది. అది నాకు నచ్చలేదు.

మీ భయం, పిల్ల నక్షత్రాలు చూస్తూ ఉండిపోతుందని. ఆ పని అలా ఉండదు. విశ్వం పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు బయల్దేరిన వెలుగు ఇప్పటికీ మైక్రోవేవ్‌లుగా అన్ని దిక్కుల నుంచీ వస్తోంది, 2009లో వెళ్లిన ప్లాంక్ ఉపగ్రహం దాన్ని కొలిచింది. అందులో లక్షలో ఒక వంతు వేడి తేడాతో మచ్చలున్నాయి. వాటి అసలు సైజు ఎంతుండాలో ఫిజిక్స్ చెబుతుంది, ఆకాశంలో చూస్తే సుమారు ఒక డిగ్రీ ఉన్నాయి. విశ్వానికి వంపు ఉంటే ఇంకా పెద్దగానో చిన్నగానో కనిపించేవి. అంటే కొలతకు అందినంత మేర చదునే. గెలాక్సీల సంగతి మన లంకల్లాంటిదే, కాస్త మెరక ఉన్నచోట వరద నెమ్మదించి ఒండ్రు పేరుకుంటుంది, పేరుకున్న కొద్దీ ఇంకా ఆపుతుంది. అక్కడ ఆ పని గురుత్వాకర్షణది. ముందు కృష్ణపదార్థం, అంటే కంటికి కనిపించకుండా గురుత్వాకర్షణతోనే ఉనికి తెలిసే పదార్థం, గుమిగూడింది, అందులోకి వాయువు జారి, చల్లబడి, నక్షత్రాలైంది. ఇదంతా సూపర్ కంప్యూటర్లో నడిపించి, టెలిస్కోపులకు దొరికిన గెలాక్సీలతో సరిచూస్తారు. రోజంతా కోడూ, స్టాటిస్టిక్సే. రేపు మనసు మారినా ఆ చదువు చేతిలో ఉంటుంది, టెన్షన్ పడకండి.

సీఎస్‌ఈ మీద నా అనుమానం కూడా దాచను. ఇప్పుడు ఏ కాలేజీ చూసినా బ్రాంచి పేరు పక్కన ఏఐ, డేటా సైన్స్. పాఠం ఎవరు చెబుతున్నారు, మూడో ఏడు పిల్లలు సొంతంగా ఏం రాయగలరు అని అడిగే తండ్రి నాకు అరుదుగా కనిపిస్తాడు. కొబ్బరితోట తాకట్టు పెట్టి చేర్పిస్తారు, బ్యాక్‌లాగ్‌లు మిగిలాక పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. తండ్రి ఫీజుల లెక్క చెబుతుంటే పిల్లలు తల దించుకుని కూర్చుంటారు. ఇష్టపడి చేరినవాళ్లు బాగానే ఉన్నారు, నా గొడవంతా బలవంతం మీదే.

మీ అమ్మాయి అడిగే ఈ విశ్వశాస్త్రంలో, అంటే కాస్మాలజీలో, కష్టమూ ఉంది. తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో 5 ఏళ్లు, లేదా ఇక్కడే బీఎస్సీ చేసి ఎమ్మెస్సీ, తర్వాత పుణె ఐయూకా, ముంబై టీఐఎఫ్ఆర్ లాంటి పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. పర్మనెంట్ పోస్టులు మాత్రం తక్కువ, స్థిరపడేసరికి ముప్ఫై దాటుతుంది.

ఈ ఆదివారం గెలాక్సీ ఎలా పుడుతుందో అమ్మాయిని మీకు చెప్పమనండి. ఫోన్ పక్కన పెట్టి వినండి. ఆ తర్వాత రాయండి, ఫీజుల సంగతి అప్పుడు మాట్లాడదాం.