అద్దానికి వేలాడే బొచ్చు పాచికల అసలు సంగతి

అమెరికాలో కారు లోపలి అద్దానికి జంటగా వేలాడే బొచ్చు పాచికలకు అర్థమేమైనా ఉందా, ఊరికే సరదాకేనా అని అడిగారు. దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా పాత కార్ల ప్రదర్శనల వెంట తిరిగే మనిషిగా నా అభిప్రాయం చెబుతాను. అవి కారు పందేల రాయుళ్ల గుర్తు. పాలూ కూరగాయలూ తెచ్చుకునే కారుకు వాటిని కట్టడం, కర్రసాము రానివాడు మీసం మెలేసినట్లుంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ పైలట్లు, క్షేమంగా తిరిగి దిగుతామన్న భరోసా లేని రోజుల్లో, విమానం మీటర్ల పైన ఏడు చుక్కలు కనబడేలా పాచికలు తగిలించుకునేవారని ఇక్కడ చెప్పుకుంటారు. రెండు పాచికలతో ఆడే క్రాప్స్ జూదంలో తొలి విసురుకే ఏడు పడితే గెలుపు, అందుకే ఆ అంకె. నేను ఈ కథను పూర్తిగా నమ్ముతాను, ఎందుకంటే తరువాత జరిగిందంతా దీనికి సరిపోతుంది. యుద్ధం ముగిశాక ఇల్లు చేరిన కుర్రాళ్లు 1932 నాటి ఫోర్డుల వంటి పాత బళ్లను చవకగా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, ఇంజన్లకు వేగం పెంచి, ఎల్ మిరాజ్ ఎండు సరస్సులోను, రాత్రివేళ వీధుల్లోను పందేలు వేసుకున్నారు. అలా వేగం పెంచిన బళ్లనే హాట్ రాడ్లంటారు. ఆ పందేలను వీధుల నుంచి తప్పించి ఒక పద్ధతిలో పెట్టాలనే వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు. పాచికలు అద్దానికెక్కింది ఆ గాలిలోనే. 1959లో వాటిని మొదట అమ్మింది తామేనని గ్లెండోరాలోని డెక్కోఫెల్ట్ కంపెనీ చెప్పుకుంది.

మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పొమోనాలో జరిగే పాత కార్ల సంతకు తీసుకెళ్లాను. అక్కడ లేత నీలం రంగు 1957 షెవర్లే బెల్ ఎయిర్‌లో ఒక జత వేలాడుతోంది. తెల్ల బొచ్చు ఎండకు పసుపుపచ్చబడింది, ఒక చుక్క రాలిపోయి జిగురు మరక మిగిలింది. "ధర్మరాజు కొంప ముంచిన పాచికలు బండికి కట్టుకోవడమేమిట్రా? ఈ దేశంలో నిమ్మకాయలు దొరకవా?" అంది అమ్మ. ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే, బండి యజమాని అయిన తెల్లజుట్టు పెద్దాయన పడీపడీ నవ్వి, నాలుగూ మూడూ ముందుకు వచ్చేలా పాచికలు తిప్పి, ఇలా ఉన్నంతకాలం గెలుపు తనదేనని అమ్మగారికి చెప్పమన్నాడు. "శకుని కూడా అలాగే అనుకున్నాడు" అని అమ్మ జవాబిచ్చింది.

ఇప్పుడు దుకాణాల్లో అమ్మే గులాబీ రంగు సరుకు మీద నాకు గౌరవం లేదు. ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు రావాలన్న పాచికల ప్రాథమిక సూత్రం కూడా పాటించరు. నేను కొన్న జతలో ఆరుకు ఎదురుగా ఐదు ఉంది.

మీరూ తగిలించాలనుకుంటే ఒక సంగతి గమనించండి. కాలిఫోర్నియా వాహన చట్టంలోని 26708వ సెక్షన్, ముందు అద్దంలోంచి డ్రైవరు చూపును అడ్డుకునే వస్తువులను నిషేధిస్తుంది. మనవాళ్లు వేలాడదీసే పూసల దండలకూ, వేంకటేశ్వరస్వామి లాకెట్లకూ దాని నుంచి మినహాయింపేమీ లేదు. అందుకే ప్రదర్శనలో బండి నిలిపి ఉన్నంతసేపు పాచికలు వేలాడదీసి, రోడ్డెక్కే ముందు తీసి గ్లోవ్ బాక్సులో పెట్టుకోవడం మేలు.