ప్రభుత్వ డేటాతో కెరీర్: ఫైలు కంటే ముందు ప్రశ్న

ప్ర: బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చు. ప్రభుత్వాలు బయటపెట్టే ఓపెన్ డేటాను మామూలు జనానికి పనికొచ్చేలా చేయాలని ఉంది. అంకెలను గ్రాఫుల్లో చూపే ఒక డ్యాష్‌బోర్డు తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టాను కానీ, స్నేహితులు తప్ప ఎవరూ చూడలేదు. ఇంట్లోవాళ్లు 'ఇందులో ఉద్యోగాలుండవు, అందరిలా డేటా సైన్స్ నేర్చుకో' అంటున్నారు. ఏం చేయమంటారు?

జ: డ్యాష్‌బోర్డును ఎవరూ చూడలేదన్నారు కదా, ముందు దాని సంగతి చూద్దాం. మీరు దొరికిన ఫైలు తీసుకుని, దీనితో ఏం చేయొచ్చా అని ఆలోచించి ఉంటారు. చాలా ప్రభుత్వాలూ ఇలాగే మొదలుపెట్టాయి. అమెరికా 2009లో, బ్రిటన్ 2010లో, మన దేశం 2012లో డేటా పోర్టళ్లు తెరిచాయి. వేలకొద్దీ ఫైళ్లు అందులోకి ఎక్కాయి. కానీ ఫైలు కావాలని ఎవరూ వెతుక్కుంటూ రారు. 'మా వీధి నీళ్లను ఎప్పుడు పరీక్షించారు, ఫలితం ఏమొచ్చింది' అని అడుగుతారు.

ప్రశ్నతో మొదలుపెడితే ఏం జరుగుతుందో బస్సుల విషయంలో చూడొచ్చు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి స్టాపులు, రూట్లు, వేళలు రాసుకోవడానికి ఒక పద్ధతి ఖాయం చేశాయి. ఇప్పుడు దాన్ని జీటీఎఫ్ఎస్ అంటారు. లోపల ఉండేవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఆ తర్వాత ఎన్నో నగరాలు అదే పద్ధతి పట్టుకోవడంతో, ఒక నగరం కోసం చేసిన యాప్ ఇంకో నగరంలోనూ పనిచేయడం మొదలుపెట్టింది. ప్రయాణికుడికి జీటీఎఫ్ఎస్ అనే పేరు కూడా తెలియనక్కర్లేదు. బస్సు ఎప్పుడుందో ఫోన్‌లో చూసుకుని బయల్దేరతాడు. ఏ కాలమ్‌లో ఏముండాలో ఓపిగ్గా కూర్చుని తేల్చినవాళ్ల వల్లే ఇది సాధ్యమైంది. ఈ రంగంలో నిజంగా కొరతగా ఉన్నది ఆ ఓపికే.

అందుకే కొత్త మోడళ్ల వెంట పడేముందు, విసుగనిపించే పనుల మీద పట్టు సాధించండి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ఓపెన్ డేటాకు ఐదు నక్షత్రాల కొలత పెట్టారు. అందరూ వాడుకునే అనుమతితో పీడీఎఫ్ పెడితే ఒకటి, ఎక్సెల్ లాంటి పట్టిక అయితే రెండు, ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా తెరుచుకునే సీఎస్‌వీ లాంటి ఓపెన్ ఫార్మాట్ అయితే మూడు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను మూడో మెట్టు దాకా తేవడమే పెద్ద పని. ఒకే ఊరి పేరు మూడు ఫైళ్లలో మూడు రకాలుగా ఉంటుంది. పోయినేడు ఒక నిర్వచనం, ఈ ఏడు ఇంకోటి. అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ గడులు. ఆ నెల కేసులు లేవా, లేక లెక్క పంపలేదా? ఖాళీని సున్నాగా తీసుకుంటే, రిపోర్టు పంపని ఆసుపత్రి రోగాలే లేనిదిగా కనిపిస్తుంది. ఈ తేడా పట్టుకుని డేటా పక్కనే వివరంగా రాసిపెట్టేవాళ్లు చేసేది చిన్న సాయం కాదు.

గోప్యత విషయం కూడా తప్పక చదవండి. పేర్లు తీసేసిన ఆరోగ్య రికార్డుల్లోంచి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నర్ రికార్డును లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త గుర్తించగలిగారు. పుట్టిన తేదీ, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఆడా మగా అనే వివరం ఆమెకు చాలాయి. పేర్లు తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు.

ఇక ఇంట్లోవాళ్ల టెన్షన్. అందులో న్యాయం ఉంది. 'ఓపెన్ డేటా' అన్న హోదాతో ఉద్యోగాలు తక్కువే. కానీ ఈ పని తెలిసినవాళ్లు గణాంక శాఖల్లో, నగరపాలక సంస్థల్లో, రవాణా సంస్థల్లో, డేటా జర్నలిజంలో, పరిశోధన సంస్థల్లో, మ్యాపుల కంపెనీల్లో కావాలి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష), స్టాటిస్టిక్స్, డేటా క్లీనింగ్ అన్నిచోట్లా పనికొస్తాయి కాబట్టి, వాళ్లు చెప్పే దారికీ మీకు నచ్చిన దారికీ మొదటి రెండేళ్లు పెద్ద తేడా ఉండదు. వీటికి తోడు మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, ఉచితంగానే దొరుకుతుంది.

ఈ సెమిస్టర్‌లో ఒక్క ప్రాజెక్టు చాలు. ఒక ప్రశ్న ఎంచుకుని, ఆ సమస్య నిజంగా ఉన్న నలుగురైదుగురితో మాట్లాడండి. వాళ్లు ఏ మాటల్లో అడుగుతున్నారో అలాగే రాసుకోండి. జవాబు చిన్న ఫోన్ స్క్రీన్ మీద, వాళ్ల భాషలో, నెట్ సరిగా లేకపోయినా తెరుచుకునేలా ఉండాలి. గ్రాఫు కన్నా రెండు వాక్యాలే మేలనిపిస్తే గ్రాఫు తీసేయండి. డేటా ఏ తేదీదో, ఎక్కడ లోపాలున్నాయో కింద చెప్పండి. కనిపించిన తప్పులను ఆ డేటా ఇచ్చిన కార్యాలయానికి మర్యాదగా రాసి పంపండి, జవాబు వస్తే దాచుకోండి. రెజ్యూమేలో 'డ్యాష్‌బోర్డు చేశాను' అనే లైను తీసేసి, ఎవరి ఏ ప్రశ్నకు జవాబు దొరికిందో, డేటాలో ఏ తప్పు సరిచేయించారో రాయండి.