వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారి 1968 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు నా దగ్గరుంది, రైట్ హ్యాండ్ డ్రైవ్. మొన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో కోవా తిని ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడి దాదాపు కిందికంటా పోయింది. పక్కన ఆపి చల్లారాక మళ్లీ మామూలైంది. హ్యాండ్ బ్రేక్ సరిగా పట్టదు, ఎడమ వెనక చక్రం లోపలివైపు నూనె తడి ఉంది. వెనక డ్రమ్ బ్రేకులు తీసేసి డిస్క్ బ్రేకులు వేద్దామని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: ఇప్పుడైతే వద్దండి. మీరు చెప్పిన మూడింటిలో ఒక్కదానికీ డిస్కులు మందు కాదు.

పెడల్ మెత్తబడి, చల్లారాక మళ్లీ గట్టిపడిందంటే ముందు అనుమానించాల్సింది బ్రేక్ ఆయిల్‌ని. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు గానీ నీరు పట్టాక 155 దగ్గరే మరగొచ్చు, అప్పుడు లైన్లలో పుట్టే ఆవిరి బుడగలు నొక్కితే నలుగుతాయే తప్ప ఒత్తిడిని చక్రం దాకా పంపవు. లైనింగులు, అంటే బ్రేకులో రాసుకుని చక్రాన్ని ఆపే పొరలు, వేడెక్కి పట్టు తప్పితే వేరేలా ఉంటుంది, కాలి కింద పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు ఆగదు. ఆయిల్ మొత్తం మార్పించి లైన్లలో చిక్కిన ఎయిర్ తీయించండి, ఆ తర్వాత కూడా ఘాట్‌లో ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి.

చక్రం తడి సంగతి డ్రమ్ము విప్పితే తెలుస్తుంది. చిక్కగా ఉండి గేర్ ఆయిల్ వాసన కొడితే ఆ ఆయిల్ బయటికి రాకుండా ఆపే యాక్సిల్ సీల్ పోయినట్టు, పల్చగా ఉండి, బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు కింద చెమ్మ కనిపిస్తే సిలిండర్ కారుతున్నట్టు. ఏదైనా సరే, నూనె తాగిన లైనింగులను పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించనివ్వకండి, రెండు వైపులా కొత్తవి వేయించాల్సిందే. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి ఎయిర్ కొట్టి దుమ్ము ఊదనివ్వొద్దు, తడిగుడ్డతో తుడవమనండి.

హ్యాండ్ బ్రేక్ పట్టకపోతే చాలామంది నేరుగా కేబుల్ బిగించేస్తారు, అది తప్పు. ముందు షూలు, అంటే డ్రమ్ములో లైనింగులు అతికి ఉండే వంపు రేకులు, సర్దాలి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి, డ్రమ్మును లోపలివైపు మూసే బ్యాక్ ప్లేటు వెనక ఉండే నాలుగు పలకల అడ్జస్టర్‌ని చక్రం తిరగనంత వరకు బిగించి, పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి, చక్రం ఫ్రీగా తిరిగేదాకా వెనక్కి వదలాలి. దానికి చదరపు నోరున్న బ్రేక్ స్పానరే వాడాలి, మామూలు స్పానరుతో మూలలు అరిగాయంటే ఇక అది కదలదు. రెండు చక్రాలకూ ఇది అయ్యాకే కేబుల్ జోలికి పోవాలి.

ఇక డిస్కుల విషయం. బ్రేక్ వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది, ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. ఎంజీబీకి 1962లో వచ్చినప్పటి నుంచీ ముందు డిస్కులున్నాయి, వెనక 10 అంగుళాల డ్రమ్ములు ఆ తేలిక కారుకు బాగా సరిపోతాయి. వెనక పట్టు అనవసరంగా పెంచితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా లాక్ అయి కారు గిర్రున తిరిగిపోతుంది.

డబ్బు పెట్టాలనే ఉంటే అసలు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. ఆ కాలపు రైట్ హ్యాండ్ ఎంజీబీలో బ్రేక్ లైను సింగిల్ సర్క్యూట్, ఎక్కడ పగిలినా నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేక్ పోతుంది. దాన్ని, పెడల్ తొక్కితే ఆయిల్‌ని రెండు వేర్వేరు లైన్లలోకి నెట్టే డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్‌కు మార్పించడం, ముందు రెండూ వెనక ఒకటీ ఉండే రబ్బరు హోసులు కొత్తవి వేయించడం, ఇవే నా దృష్టిలో నిజమైన అప్‌గ్రేడ్.

ఇంత చేశాక కూడా డిస్కుల మీదే మనసుంటే, హ్యాండ్ బ్రేక్ మెకానిజం ఉన్న క్యాలిపర్లే (డిస్కును రెండు వైపులా నొక్కిపట్టేవి) కొనండి, వెనక ఒత్తిడి తగ్గించే వాల్వు తప్పక పెట్టించండి. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పాత మాస్టర్ సిలిండర్ చాలక పెడల్ ఇంకా లోతుకు పోతుంది, ఆ లెక్క చూడకుండా కిట్ అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.