అమ్మాయి చదువును ఒక్క వీసాకు ముడిపెట్టకండి

ప్రశ్న: మాది ఒంగోలు. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) చదువుతున్న మా అమ్మాయి ఎకనామిక్స్, అంతర్జాతీయ వాణిజ్యం వైపు వెళతానంటోంది. దేశాలన్నీ తలుపులు మూసుకుంటున్న ఈ రోజుల్లో ఆ చదువుకు భవిష్యత్తు ఉందా? కంప్యూటర్ సైన్స్ చేయించి అమెరికాలో ఎంఎస్‌కు పంపడం మేలు కాదా? రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: తలుపులు మూసుకుంటున్నాయని భయపడుతూనే, వాటిలో బాగా బిగుసుకుంటున్న తలుపు వైపే మీరు అమ్మాయిని నడిపించాలనుకుంటున్నారు. అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే హెచ్‌-1బీ వీసాల పరిమితి ఏటా 85 వేలు. దరఖాస్తులు మించితే లాటరీయే. 2025 సెప్టెంబరులో, అమెరికా వెలుపల ఉన్నవారి కోసం కంపెనీలు వేసే కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించారు. అక్కడే చదివినవారికి అది వర్తించకపోయినా, ఒక్క సంతకంతో నిబంధన మారిపోయే చోటును నమ్ముకుని ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు. కంప్యూటర్ సైన్స్ మంచి చదువే. ఇష్టంతో చదివినవారికి బెంగళూరులోనే పని దొరుకుతుంది. దాన్ని అమెరికా వీసాకు తొలిమెట్టుగా మాత్రమే చూడటంపైనే నా అభ్యంతరం.

ఇక మీ అసలు భయం. ప్రపంచీకరణ ఆగిపోలేదు, 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత కొంత పక్కకు తప్పుకున్న ప్రభుత్వాలు మళ్లీ మధ్యలోకి వచ్చాయి. దేశాల మధ్య వాణిజ్య వివాదాలను తేల్చే ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. దేశాలు విడివిడిగా ఒప్పందాలు కుదుర్చుకుంటున్నాయి; మనం యూఏఈతో 2022లో, బ్రిటన్‌తో 2025లో సంతకాలు చేశాం. 2025 ఆగస్టులో అమెరికా చాలా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ దెబ్బ భీమవరం రొయ్యల చెరువుల దాకా వచ్చింది. యూరప్‌కు ఉక్కు పంపే కర్మాగారం ఇప్పుడు కర్బన ఉద్గారాల లెక్క కూడా చూపాలి. ఈ నిబంధనలను చదివి అర్థం చేసుకోగలవారు ఎగుమతి సంస్థలకు, బ్యాంకులకు, ప్రభుత్వానికి అవసరం. సివిల్ సర్వీసెస్ పరీక్ష ద్వారా చేరే ఇండియన్ ట్రేడ్ సర్వీస్ ఉన్నదే ఈ పనికి. తొలి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువ కావచ్చు, అంతమాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీ లేఖలో దేశాలున్నాయి, వీసాలున్నాయి. అమ్మాయికి ఎకనామిక్స్ ఎందుకు నచ్చిందో మాత్రం ఒక్క వాక్యమూ లేదు. ముందు అది అడగండి. లెక్కలు ఇష్టమైతే బెంగళూరులోని అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను, చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను పరిశీలించండి. వ్యాపారం వైపు మొగ్గితే కాకినాడలోనే ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) ప్రాంగణం ఉంది. లెక్కలంటే పడకపోతే ఎకనామిక్స్ బదులు న్యాయశాస్త్రం చదివి వాణిజ్య చట్టాల మీదుగా ఇదే రంగానికి రావచ్చు.