లైఫ్‌టైమ్ ఆయిల్ అంటే ఎవరి లైఫ్?

ప్రశ్న: నాది ఆటోమేటిక్ కారు. కొని ఏడేళ్లయింది, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ‘లైఫ్‌టైమ్’ అని, మార్చక్కర్లేదని కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంది. మెకానిక్ మాత్రం వెంటనే మార్చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మెకానిక్ మాటే. కాకపోతే ఆ ‘వెంటనే’ దగ్గర కాస్త ఆగండి.

ఆ లైఫ్‌టైమ్ ఎవరిదో పుస్తకంలో రాయరు. ఆయిల్‌దా, గేర్‌బాక్స్‌దా, వారంటీదా? ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు తయారుచేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్, వాటిలో ఆయిల్‌ని 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య, లేదంటే 8 ఏళ్లకైనా మార్చమంటుంది. అవే గేర్‌బాక్స్‌లు బిగించిన కొన్ని కార్ల పుస్తకాల్లో మాత్రం లైఫ్‌టైమ్ అని ఉంటుంది! నా ఓటు బాక్స్ తయారుచేసినవాళ్లకే.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌కి పెద్ద పనేం ఉండదు, గేర్ల పళ్లు అరక్కుండా చూస్తే చాలు. ఆటోమేటిక్‌లో అలా కాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది ఆయిలే. ప్రెషర్‌తో క్లచ్‌లను నొక్కి గేర్లు మార్చేదీ, వేడిని కూలర్ దాకా మోసుకెళ్లేదీ అదే. క్లచ్ పలకలు ఎంత జారాలి, ఎక్కడ గట్టిగా పట్టుకోవాలి అన్నది అందులో కలిపే రసాయనాల చేతిలో ఉంటుంది. ఈ పనికి ఒకప్పుడు తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని నిషేధించాక ప్రత్యామ్నాయం కోసం కంపెనీలు నానా తంటాలు పడ్డాయి. వేడికి ఈ రసాయనాలు అరిగిపోతాయి. ఆయిల్ మార్చేది అందుకే.

ఎర్రగా ఉన్నదల్లా ఒకటే అనుకోకండి. ఆ ఎరుపు ఉత్త రంగు, లీకైనప్పుడు ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి కలుపుతారు. ముందు మీది ఏ రకం గేర్‌బాక్సో కనుక్కోండి. టార్క్ కన్వర్టర్ రకమైతే ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీకి, రెండు క్లచ్‌లుండే డీసీటీకి వేటి ఆయిల్ వాటికే ఉంటుంది. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టుకీ పుల్లీలకీ మధ్య పట్టు తప్పి బాక్సే పోవచ్చు. క్లచ్ నొక్కి గేర్లు మార్చే పని యంత్రమే చేసిపెట్టే ఏఎంటీ అయితే లోపలున్నది మాన్యువల్ గేర్‌బాక్సే కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు. ఏ రకమైనా డబ్బా మీద మీ కారు పుస్తకంలోని స్పెసిఫికేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని రాసి ఉంటే నేనైతే ముట్టుకోను.

ఇక ఆగమన్నది ఎందుకంటే... కారు ఇప్పటికే జారుతోందా? అంటే యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి మాత్రం కదలనంటోందా? అలాగైతే కొత్త ఆయిల్ దాన్ని బాగుచేయదు. ‘ఆయిల్ మార్చాకే బాక్స్ పోయింది’ అనే కథలు చాలావరకు ఇలా జారుతున్న బాక్స్‌లవే. గేర్లు సాఫీగా పడుతుంటే నిశ్చింతగా మార్పించండి. ప్లగ్ విప్పితే మూడో వంతు నుంచి సగం దాకానే దిగుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. మెషీన్‌తో మొత్తం ఒక్కసారే తోసేయడం కన్నా, ఒకసారి దింపి పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ దింపి పోయడం నాకు నచ్చే పద్ధతి. ఫిల్టర్ విప్పి మార్చే రకమైతే అదీ మార్పించండి.

ప్రశ్న: ఆయిల్ మట్టం నేనే చూసుకోవచ్చా?

జవాబు: మీ కారుకు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ ఉంటే చూసుకోవచ్చు. కొత్త కార్లలో చాలావాటికి అది లేదు. కింద ప్లగ్ విప్పి, ఆయిల్ నిర్ణీత వేడి దగ్గరున్నప్పుడు చూడాలి. అది మెకానిక్ పని.

డిప్‌స్టిక్ ఉంటే చాలా కార్లలో ఇంజిన్ వేడెక్కి, నడుస్తూ, సమతలం మీద ఉండగా చూడాలి. కొన్నిటిలో ఇంజిన్ ఆపాక చూడాలి, కాబట్టి పుస్తకం చూసే మొదలుపెట్టండి. నేను ఓసారి చల్లటి ఇంజిన్ మీద చూసి, తక్కువుందనుకుని అర లీటరు పోసేశాను. వేడెక్కాక చూస్తే గీత దాటి పైకి వచ్చేసింది. ఎక్కువైతే ఆయిల్ నురగ కడుతుంది, నురగతో ప్రెషర్ నిలవదు. సన్నటి పైపు, సిరంజి పట్టుకుని ఆ అర లీటరూ తోడేసరికి మధ్యాహ్నమంతా గడిచిపోయింది.

పనిలో పనిగా ఒక చుక్క తెల్లటి టిష్యూ కాగితం మీద వేయండి. గోధుమ రంగులోకి తిరిగితే వయసు మీద పడిందంతే, కంగారొద్దు. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే క్లచ్‌లు కాలుతున్నాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కలిసింది, ఆ కారును ఇక నడపకండి.

ప్రశ్న: కారు కంప్యూటర్‌లోని వివరాలు ఫోన్‌కి పంపే ఓబీడీ అడాప్టర్ పెట్టాను. ఫోన్ యాప్‌లో గేర్‌బాక్స్ వేడి 95 డిగ్రీలు చూపిస్తోంది. టెన్షన్ పడాలా?

జవాబు: అక్కర్లేదు. 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మామూలే. ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు ఇంకాస్త పెరుగుతుంది. 120 దాటి అక్కడే ఉంటే మాత్రం పక్కకు ఆపి చల్లారనివ్వండి.

ఇంకో మాట. యాప్ ఏ వివరం కావాలన్నా ఒక కోడ్‌తో కారు కంప్యూటర్‌ని అడుగుతుంది. ఇంజిన్ కూలెంట్ వేడికి అన్ని కార్లకూ ఒకటే కోడ్ ఉంటుంది. గేర్‌బాక్స్ వేడికి సాధారణంగా ఏ కంపెనీ కోడ్ దానిదే. అది యాప్‌కి తెలియకపోతే మీరు చూస్తున్న 95 అసలు గేర్‌బాక్స్‌ది కాకపోవచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒక్క డిగ్రీ తేడా లేకుండా కలిసి పెరుగుతుంటే యాప్ కూలెంట్ వేడినే రెండు పేర్లతో చూపిస్తున్నట్టు.