నగలు చేసుకుంటూ, ఆ పని నేర్పిస్తూ బతకొచ్చా? నేర్పిస్తే సొంత పని దెబ్బతినదా?

బతకొచ్చు. సొంత పని కొంత దెబ్బతింటుంది కూడా, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను చాలా ఏళ్లుగా వెండి, రాగి నగలు చేసి అమ్ముతూ, వారంలో కొన్ని రోజులు క్లాసులు చెబుతున్నాను.

ముందు డబ్బు సంగతి. ఆర్డర్లు ఒక నెల ఊపిరాడనివ్వవు, మరో నెల అసలు ఉండవు. క్లాసు ఫీజు మాత్రం ముందే చేతికొస్తుంది. ఆ ధీమాతోనే అమ్ముడుపోతాయో లేదో తెలియని డిజైన్లు కూడా చేయగలుగుతున్నాను.

అయితే నేర్పడం వల్ల నాకు దక్కిన అసలు లాభం వేరే. చేతికి అలవాటైన పనికి కారణం చెప్పాల్సి వస్తుంది. టంకమే తీసుకోండి, అంటే కరిగి రెండు ముక్కల్ని అతికించే లోహం. కొత్తవాళ్లు మంటను సరిగ్గా అతుకు మీదే పెడతారు. టంకం ముత్యంలా గుండ్రంగా ముడుచుకుని కదలదు, లేదా పల్చని ముక్క మీదికి ఎగబాకుతుంది. లోహాలన్నిటిలోకీ వేడిని బాగా పాకించేది వెండి. నగల వెండిలో సాధారణంగా 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. కాబట్టి అతుకు ఒక్కటే కాగదు, వస్తువు మొత్తం కాగాలి. టంకం ఎటు వేడి ఎక్కువుంటే అటు పారుతుంది, అందుకే మందంగా ఉన్న వైపు మంట ఎక్కువసేపు తిప్పాలి. టంకాన్ని కాదు, అది బాగా పారేందుకు అతుక్కి పూసే వెలిగారాన్ని చూడమంటాను. అది ముందు తెల్లగా పొంగి, తర్వాత అణిగి, గాజులా తేటపడుతుంది. ఆపైన కాసేపట్లో టంకం ఒక్కసారిగా మెరుస్తూ అతుకంతా పరుగెత్తుతుంది. మంట వెంటనే తీసేయాలి. ఇక అతుకు మధ్య వెలుతురు కనిపిస్తుంటే టంకం దాన్ని పూడ్చదు, మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. ఇవన్నీ మాటల్లో పెట్టడం మొదలుపెట్టాకే నా సొంత అతుకులూ శుభ్రపడ్డాయి.

నష్టం ఎక్కడంటే సమయంలో. క్లాసు రెండు గంటలే అనిపిస్తుంది గానీ, రేకులు కోసి పెట్టడం, విరిగిన రంపపు బ్లేడ్లు మార్చడం, అందరూ వెళ్లాక సర్దడం ఎవరూ లెక్కేయరు. క్లాసు అయ్యాక నా పని చేసుకుందాంలే అనుకోవద్దు. అలసిన చేతులతో మంట దగ్గర కూర్చోకూడదు. నేను ఉదయం పూట నా బల్ల దగ్గరే ఉంటాను, ఆ సమయంలో క్లాసు పెట్టమని ఎవరడిగినా ఒప్పుకోను. నా డిజైన్లను అభ్యాసాలుగా ఇవ్వను కూడా. ఇస్తే అందరి నగలూ నా నగల్లాగే తయారవుతాయి, అది వాళ్లకీ మంచిది కాదు, నాకూ కాదు.

కాలేజీలో శాశ్వత ఉద్యోగానికి సాధారణంగా లలిత కళల్లో డిగ్రీ అడుగుతారు. సొంతంగా చెప్పేటప్పుడు మాత్రం చూసేది మీ పనినే. తొందరపడి పెద్ద బ్యాచ్ పెట్టకండి. ఎన్ని మంటల మీద కన్నేసి ఉంచగలరో అంతమందే చాలు. గాలి బాగా ఆడాలి, జుట్టు ముడేసుకోవాలి, కాడ్మియం కలిసిన టంకం గదిలోకే రానివ్వకూడదు, దాని పొగ ఊపిరితిత్తులకు విషం.

మీరు ఈ పనిలోకి ఈమధ్యే వచ్చి ఉంటే, ముందు ఎవరి క్లాసులోనైనా సహాయకులుగా చేరండి. పదిమంది చేతుల్లో ఒకే అతుకు పదిరకాలుగా ఎలా చెడుతుందో అక్కడ చూడొచ్చు.